ఓపెనింగ్ బ్యాండ్లు ఎందుకు తేలిపోతాయి? మిక్సర్ వెనక కూర్చునేవాడి జవాబు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. పోయిన నెల హైదరాబాద్‌లో ఒక రాక్ షోకి మూడు వేలు పెట్టి టికెట్ కొన్నారు. అసలు బ్యాండ్ కన్నా ముందు ఎక్కిన కుర్రాళ్ళు ముప్పావుగంట తలనొప్పి తెప్పించారు. ఇలాంటివి మీకూ తగిలాయా, ఓపెనింగ్ బ్యాండ్లు ఎందుకింత నీరసంగా ఉంటాయి, ఇకనుంచి ఆలస్యంగా వెళ్తే పోలా అని అడిగారు.

తగిలాయండీ, బోలెడు. నేను ఆరేళ్ళు బేస్ గిటార్ వాయించాను. ఆ తర్వాత ఇరవై రెండేళ్ళుగా సౌండ్ పనిలోనే ఉన్నాను. పెళ్ళి సంగీత్‌ల దగ్గర్నుంచి విదేశీ బ్యాండ్ల దాకా అన్నీ చేశాను. కాబట్టి ఓపెనింగ్ బ్యాండ్‌ని కింద జనంలో నిలబడి చూశాను, స్టేజీ మీద నేనే అయి చూశాను, మైకులన్నిటి శబ్దాన్నీ కలిపి సరిచేసే మిక్సర్ వెనక కూర్చునీ చూశాను. మూడు చోట్ల నుంచి మూడు రకాలుగా కనిపిస్తుంది.

ముందు ఘోరమైనది చెప్పేస్తాను. ఏడెనిమిదేళ్ళ కిందట, ఊరికి పడమటి వైపు ఒక ఓపెన్ గ్రౌండ్. ఓపెనింగ్ బ్యాండ్‌కి ముప్ఫై నిమిషాలు ఇచ్చారు. మొదటి పాట మధ్యలో లీడ్ గిటార్ కుర్రాడి స్ట్రింగ్ ఫట్‌మని తెగింది. తెగడం తప్పు కాదు, ఎవరికైనా తెగుతుంది. కానీ అతని చేతిలో ఉన్నది ఫ్లాయిడ్ రోజ్ బ్రిడ్జి (స్ట్రింగుల కొసల్ని పట్టుకుని అటూఇటూ ఊగే లోహపు ముక్క) ఉన్న గిటార్. ఆ బ్రిడ్జిని ముందు నుంచి స్ట్రింగులు, వెనక నుంచి స్ప్రింగులు లాగుతుంటాయి. రెండు లాగుళ్ళూ సరితూగి ఉన్నంతసేపే శ్రుతి నిలుస్తుంది. ఒక్క స్ట్రింగ్ తెగితే స్ప్రింగులది పైచేయి అయిపోయి మిగతా అయిదింటి శ్రుతీ పైకి లేచిపోతుంది. అందుకే అలాంటి గిటార్ వాయించేవాడు ఇంకోటి పక్కన పెట్టుకుంటాడు. ఇతను పెట్టుకోలేదు. స్టేజీ మీదే చతికిలబడి స్ట్రింగ్ మార్చడం మొదలుపెట్టాడు. దానికో అలెన్ కీ అనే చిన్న పానా కావాలి. అది బ్యాగులో ఉంది. బ్యాగు కారులో ఉంది. కారు తాళం ఎవరి దగ్గరుందో తెలుసుకోవడానికే రెండు నిమిషాలు పట్టింది.

ఈలోగా పాడే కుర్రాడు జనాన్ని ఆపాలి కదా. "హౌ ఆర్ యూ హైదరాబాద్" అని నాలుగుసార్లు అడిగాడు. నాలుగోసారికి "చెప్పాంగా భయ్యా, బాగున్నాం" అని ఎవరో అరిచారు. తర్వాత ప్యారడైజ్ బిర్యానీయా, బావర్చీ బిర్యానీయా అని ఓటింగ్ పెట్టాడు. ఆ సాయంత్రం జనం మనస్ఫూర్తిగా కేకలు వేసింది దానికొక్కదానికే. పదకొండు నిమిషాలు గడిచాయి. నా ముందున్న మిక్సర్ మీద గడియారం ఉంటుంది, అందుకే అంత కచ్చితంగా చెబుతున్నాను. వెనక వరసల్లో ఎవడో పాత చిరంజీవి పాట అందుకున్నాడు. పక్కవాళ్ళు కలిశారు, చప్పట్లు మొదలయ్యాయి, చూస్తుండగానే గ్రౌండ్ సగం పాడుతోంది. డ్రమ్మర్ తెలివైనవాడు, ఆ చప్పట్ల మీద దరువు అందుకున్నాడు. అబ్బ, ఏం వచ్చిందనుకున్నారు! నేను గబగబా డ్రమ్స్ ఫేడర్లు, అంటే వాల్యూమ్ మీటలు, పైకి తోశాను. సరిగ్గా అప్పుడు పాడే కుర్రాడు మైకులో, "వీ డోంట్ డూ ఫిల్మ్ సాంగ్స్" అన్నాడు.

అంతే. తర్వాత స్ట్రింగ్ వేసుకుని ఇంకో రెండు పాటలు వాయించారు గానీ ఎవరికీ పట్టలేదు. స్ట్రింగ్ తెగినందుకు నాకు వాళ్ళ మీద కోపం లేదు. చేతికొచ్చిన జనాన్ని పొమ్మన్నందుకు ఉంది. 1969 ఆగస్టులో అమెరికాలో జరిగిన పెద్ద సంగీత మేళా వుడ్‌స్టాక్‌లో మొదట ఎక్కాల్సినవాళ్ళు ట్రాఫిక్‌లో ఇరుక్కుపోతే గాయకుడు రిచీ హేవెన్స్‌ని ముందు ఎక్కించారు. వెనకవాళ్ళు ఇంకా రాలేదు, దిగొద్దు, వాయిస్తూనే ఉండమన్నారు. తెలిసిన పాటలన్నీ అయిపోయాక ఒక పాత ఆధ్యాత్మిక గీతం పట్టుకుని అక్కడికక్కడే ఓ పాట అల్లేశాడు. జీవితాంతం జనం ఆయన్ని గుర్తుపెట్టుకున్నది దానితోనే. ఓపెనర్‌కి ఖాళీ సమయం దొరకడం శాపమా వరమా అన్నది ఆ క్షణంలో ఏం చేస్తాడన్న దాన్ని బట్టి ఉంటుంది.

సొంత తప్పులతో మునిగిన బ్యాండ్లు ఇంకా ఉన్నాయి. మెయిన్ బ్యాండ్ పాటనే వాళ్ళకన్నా ముందు వాయించేసిన మహానుభావుల్ని రెండుసార్లు చూశాను. పెళ్ళికూతురు రాకముందే తోడిపెళ్ళికూతురు అదే చీర కట్టుకొచ్చినట్టు ఉంటుంది. పాట పాటకీ మధ్య మా పేజీ ఫాలో అవండి అంటూ బ్యాండ్ పేరు స్పెల్లింగ్ చెప్పేవాళ్ళు ఉన్నారు. ఇరవై అయిదు నిమిషాలిస్తే పన్నెండు నిమిషాల పాట ఒకటి పెట్టుకుని, అందులో నాలుగు నిమిషాలు బేస్ సోలో వేసినవాడూ ఉన్నాడు. బేస్ వాయించినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, బేస్ సోలో ఆ బేస్ వాయించేవాడి భార్య కూడా వినదు.

అయితే ఇన్నేళ్ళలో నేను చూసిన తేలిపోయిన ఓపెనింగ్‌లలో ఇలా సొంతంగా చెడినవి పావు వంతు కూడా ఉండవు. మిగతా చోట్ల బ్యాండ్ బాగానే వాయించింది. జనం దాకా రాలేదు, అంతే. ఎందుకో చెప్పాలంటే మధ్యాహ్నం నుంచి మొదలుపెట్టాలి.

సౌండ్‌చెక్ తలకిందులుగా జరుగుతుంది. రాత్రి చివర వాయించేవాళ్ళు ముందు చెక్ చేసుకుంటారు, మొదట వాయించేవాళ్ళు చివర. చివర చెక్ చేసినవాళ్ళ సామాను కదపకుండా ఉంచితే షో దాంతోనే మొదలుపెట్టేయొచ్చు కదా, ఆ లెక్క సరైనదే. కానీ మెయిన్ బ్యాండ్ చెక్ రెండింటికి మొదలవ్వాలి. లారీ లేటు, జెనరేటర్‌లో హమ్, అడ్డదిడ్డంగా ఎర్తింగ్, వీటన్నిటితో నాలుగవుతుంది. వాళ్ళు రెండు గంటలు చేసుకుంటారు. గేట్లు ఆరింటికి. అంటే ఓపెనింగ్ బ్యాండ్‌కి మిగిలేది ఒక్కో మైకూ పలుకుతోందా లేదా అని తట్టి చూసుకునే సమయం. దీన్ని మేం లైన్ చెక్ అంటాం. పాట మొత్తం వాయించి, గిటార్ ఎక్కువైంది, గొంతు తక్కువైంది అని చూసుకునే భాగ్యం వాళ్ళకి జనం ముందే దొరుకుతుంది. మొదటి పాట మీకు గందరగోళంగా వినిపించిందంటే అదే అసలు సౌండ్‌చెక్ అన్నమాట.

స్టేజీ కూడా పూర్తిగా ఇవ్వరు. వెనక ఎత్తు మీద మెయిన్ బ్యాండ్ డ్రమ్స్ నల్ల గుడ్డ కప్పుకుని ఉంటాయి. వాటి ముందు వీళ్ళ డ్రమ్స్, దాని ముందు వీళ్ళు నిలబడటానికి ఓ ఆరడుగుల పట్టీ. వెనక్కి జరిగితే డ్రమ్స్ తగులుతాయి, ముందుకి జరిగితే వాళ్ళ పాట వాళ్ళకి వినిపించడానికి పెట్టే మానిటర్ స్పీకర్ కాలికి తగులుతుంది. జనానికేమో వీళ్ళకి స్టేజీ మీద కదలడం రాదు అనిపిస్తుంది. లైట్లలో సగం మెయిన్ బ్యాండ్ కోసం దాచి ఉంచుతారు. అసలు ఎండాకాలమైతే ఆరింటికి మన ఊళ్ళో ఎండే పోదు, లైట్లు వేసినా ఒకటే.

మిక్సర్ సంగతి ఇంకాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే నా పాపాలన్నీ అక్కడే ఉన్నాయి. ఇప్పుడు డిజిటల్ మిక్సర్లు వచ్చాక మెయిన్ బ్యాండ్ సెట్టింగులన్నీ సేవ్ చేసి పక్కన పెట్టుకోవచ్చు. మేం మొదలుపెట్టిన రోజుల్లో అనలాగ్. 32 ఛానళ్ళ మిక్సర్ కింద అంచున పొడుగ్గా తెల్ల టేపు అంటించి, దాని మీద స్కెచ్ పెన్నుతో కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్), స్నేర్, హ్యాట్, బేస్, గిటార్ 1, గిటార్ 2 అని రాసుకునేవాళ్ళం. మెయిన్ బ్యాండ్ ఇంజినీరు వచ్చి ఇరవై ఆరు ఛానళ్ళు తీసుకునేవాడు. తన మీటలన్నీ కుదిరాక ఇక వాటి మీద చెయ్యి వెయ్యొద్దనేవాడు. ఓపెనింగ్ బ్యాండ్‌కి చివరి ఆరు ఛానళ్ళు మిగిలేవి. ఆరింటిలో ఏం వస్తాయి? కిక్‌కి ఒకటి, డ్రమ్స్ మొత్తానికి పైన వేలాడే మైకు ఒకటి, బేస్, గిటార్, రెండు గొంతులు. అయిదు డ్రమ్ములు, నాలుగు తాళాలు ఉన్న సెట్టుని రెండు మైకులతో పట్టాలంటే పెళ్ళి ఫోటోని గేటు బయట నుంచి తీసినట్టే.

ఇంకోటి వాల్యూమ్. కొందరు మెయిన్ బ్యాండ్ ఇంజినీర్లు ఓపెనర్‌కి ఒక గీత గీస్తారు, మాస్టర్ ఫేడర్ దీన్ని దాటకూడదని. మామూలుగా ఆరు డెసిబెల్స్ కింద. ఆరు అంటే చిన్న అంకెలా వినిపిస్తుంది గానీ, ఆంప్లిఫయర్ నుంచి స్పీకర్‌కి వెళ్ళే పవర్ నాలుగో వంతుకి పడిపోతుంది. జనం మాట్లాడుకుంటున్నారు, బయట ట్రాఫిక్, పక్కన పాప్‌కార్న్ మెషీన్. ఈ గోలలో ఆరు డెసిబెల్స్ పోతే పాటలో ముందు పోయేది మాటలు. మాటలు పోతే మీకు ఆ పాట తెలియదు కాబట్టి ఇంకేమీ మిగలదు. తెలిసిన పాటైతే వినపడని చోట మీ బుర్ర నింపుకుంటుంది. మెయిన్ బ్యాండ్‌కి ఉన్న పెద్ద సౌలభ్యం అదే. వాళ్ళ పాటలు మీరు వెయ్యిసార్లు విని వస్తారు.

హాల్లో అయితే ఇంకో చిక్కు. మనుషుల ఒళ్ళూ బట్టలూ శబ్దాన్ని పీల్చుకుంటాయి. ఖాళీ ఫంక్షన్ హాల్లోకి వెళ్ళి ఒక్కసారి చప్పట్లు కొట్టి చూడండి, ఎంతసేపు తిరుగుతుందో. ఓపెనర్ వాయించేటప్పటికి హాలు మూడొంతులు ఖాళీ. అదే సౌండ్, అదే స్పీకర్లు, రెండు గంటల తర్వాత జనం నిండాక శుభ్రంగా వినిపిస్తాయి. పేరు మెయిన్ బ్యాండ్‌కి పోతుంది.

ఇక రాత్రి పది. శబ్ద కాలుష్య నియంత్రణ నియమాలు 2000లో వచ్చాయి. ఆరుబయట రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్ మోగకూడదు. పోలీసు పర్మిషన్ కాగితం మీద కూడా అదే రాసి ఉంటుంది. మెయిన్ బ్యాండ్ గంటన్నర వాయించాలంటే ఎనిమిదిన్నరకి ఎక్కాలి. మధ్యాహ్నం జారిపోయిన రెండు గంటలూ ఎవరి సమయంలోంచి కోస్తారు? నలభై నిమిషాలని పిలిచిన బ్యాండ్‌కి స్టేజీ మెట్ల దగ్గర "బ్రో, ఇరవై చేసుకోండి" అంటారు. ఎనిమిది పాటల లిస్టులోంచి నాలుగు పీకేయాలి, అప్పటికప్పుడు, చీకట్లో. ఏది పీకాలో అన్న గొడవ నేను, స్టేజీకీ మిక్సర్‌కీ మధ్య మాట్లాడుకోవడానికి ఉండే టాక్‌బ్యాక్‌లో ఎన్నిసార్లు విన్నానో. పైగా మన దగ్గర దీప ప్రజ్వలన, స్పాన్సర్‌కి శాలువా, యాంకరమ్మ "మేక్ సమ్ నాయిస్" ఉంటాయి. వాటిలో ఒక్క నిమిషం కూడా ఎప్పుడూ తగ్గదు.

ఇప్పుడు నా సంగతి. 2009 అనుకుంటా. బయటి దేశం నుంచి ఒక పాత బ్యాండ్ వచ్చింది, పేరు అక్కర్లేదు. ఓపెనింగ్‌కి మన ఊరి ఇంజినీరింగ్ కాలేజీ కుర్రాళ్ళు, నలుగురూ ఇరవై దాటనివాళ్ళు. సొంత పాటలు, తెలుగులో రెండు, ఇంగ్లిష్‌లో మూడు. ఆ రోజుల్లో తెలుగులో రాక్ పాడేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. మధ్యాహ్నం స్టేజీ వెనక నీళ్ళ డబ్బా మీద కూర్చుని ప్రాక్టీసు చేస్తుంటే విన్నాను. బాగున్నారు. చాలా బాగున్నారు. విదేశీ బ్యాండ్‌తో వచ్చిన సౌండ్ ఇంజినీరు నల్ల టేపు ముక్క ఒకటి చింపి మాస్టర్ ఫేడర్ పక్కన అంటించాడు, ఇక్కడిదాకానే అని వేలు పెట్టి చూపించాడు. నేను తలూపాను. నాకు షో పెట్టిన కంపెనీ దగ్గర బాకీ డబ్బులు రావాల్సి ఉంది, మళ్ళీ పిలవాలి కూడా.

కుర్రాళ్ళు ఎక్కారు. మొదటి పాటకే జనంలోంచి "సౌండ్! సౌండ్!" అని అరుపులు. పాడే పిల్లాడు నా వైపు చూశాడు, బొటనవేలు పైకెత్తి పెంచమని సైగ చేశాడు. నేను మీట పట్టుకున్నట్టు నటించాను. పక్కనే ఆ ఇంజినీరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. రెండో పాటకి పిల్లాడు గొంతు చించుకోవడం మొదలుపెట్టాడు. మూడో పాటకి గొంతు బొంగురుపోయింది. తెలుగు పాట వచ్చేసరికి మాట బయటికి రాలేదు. జనం అటు తిరిగి ఫోటోలు తీసుకుంటున్నారు.

షో అయ్యాక వైర్లు చుడుతున్నాను. యాభై అయిదేళ్ళ పెద్దమనిషి ఒకాయన, ఇన్‌షర్ట్, చేతిలో హెల్మెట్, బారికేడ్ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. డ్రమ్స్ వాయించిన కుర్రాడి నాన్న. "ఏం బాబూ, మావాడు ఆర్నెల్లుగా ఇంట్లో మంచాలు, బల్లలు అన్నీ వాయించేస్తున్నాడు. ఇంత పెద్ద స్పీకర్లు పెట్టి కూడా ఇక్కడ వినపడలేదేంటి?" అన్నాడు. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకోవాలని. "గాలి ఎదురుగా వీస్తోంది సార్, అందుకని" అన్నాను. ఆకు కూడా కదలని రాత్రి అది. ఆయన ఆకాశం వంక చూశాడు, "ఓహో" అని వెళ్ళిపోయాడు.

మర్నాడు ఎవరో ఆ షో గురించి రాస్తూ ఓపెనింగ్ బ్యాండ్‌లో జీవం లేదన్నారు. ఆ ముక్క ఎవరికీ తెలియకపోవచ్చు గానీ అది రాయించింది నేను.

దీనికీ మన ఊరికీ ప్రత్యేక సంబంధం ఏమీ లేదు, పెద్దవాళ్ళకే తప్పలేదు. ఆ పెద్దవాళ్ళ విషయంలో అయితే సౌండ్ కన్నా జోడీ కుదరకపోవడం ఎక్కువ చెడగొట్టింది. 1967 జూన్‌లో అమెరికాలోని మాంటెరీ సంగీతోత్సవంలో గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ స్టేజీ మీద గిటార్‌కి నిప్పుపెట్టాడు కదా. ఆ తర్వాత నెల తిరక్కుండానే, జులైలో, మంకీస్ బ్యాండ్‌కి ఓపెనర్‌గా ఎక్కించారు. మంకీస్ అంటే టీవీ షో కోసం కూర్చిన బ్యాండ్. వాళ్ళకోసం వచ్చేది పదీ పన్నెండేళ్ళ ఆడపిల్లలు, వాళ్ళని తీసుకొచ్చిన అమ్మానాన్నలు. హెండ్రిక్స్ గిటార్‌ని వీపు వెనక పెట్టి వాయిస్తుంటే కింద పిల్లలు "డేవీ! డేవీ!" అని మంకీస్ గాయకుణ్ణి పిలుస్తున్నారు. తమాషా ఏంటంటే మంకీస్‌కి హెండ్రిక్స్ అంటే ప్రాణం, వాళ్ళే పట్టుబట్టి పెట్టించుకున్నారు. పది షోలు కూడా కాకముందే ఆయన తప్పుకున్నాడు. ఏదో మహిళా సంఘం అశ్లీలమని ఫిర్యాదు చేస్తే తీసేశారని ఒక కథ తిరిగింది, ఇప్పటికీ కొందరు చెబుతుంటారు. అది ఒక పాత్రికేయురాలు సరదాకి అల్లింది. ఇప్పుడు ఊహించుకోండి, ఆ సాయంత్రం ఇంటికెళ్ళిన ఏ తండ్రైనా "ముందు వాయించినవాడు దరిద్రంగా ఉన్నాడు" అనే అని ఉంటాడు.

అమెరికన్ గాయకుడు ప్రిన్స్‌ది ఇంకా ఘోరం. 1981 అక్టోబరులో లాస్ ఏంజెలిస్ కొలీజియంలో ఇంగ్లిష్ బ్యాండ్ రోలింగ్ స్టోన్స్‌కి ముందు ఎక్కాడు. తొంభై వేల మంది దాకా జనం. ఒంటి మీద పొడుగు కోటు, లోపల చెడ్డీ. స్టోన్స్ కోసం పొద్దున్నుంచి ఎండలో కాచుకున్న జనం చేతికి ఏది దొరికితే అది విసిరారు. నాలుగు పాటలైనా సరిగా కాకుండానే దిగిపోయి సొంతూరు మినియాపొలిస్ వెళ్ళిపోయాడు. బతిమాలితే రెండు రోజుల తర్వాత రెండో షోకి వచ్చాడు. మళ్ళీ అదే వరస. 1984 వచ్చేసరికి అమెరికాలో ఆయన్ని మించిన తార లేదనే పరిస్థితి.

నాకు వీటన్నిటిలోకీ ఇష్టమైనది సూసైడ్ అనే న్యూయార్క్ జంట కథ. గిటార్ లేదు, డ్రమ్స్ లేదు, ఒకడు కీబోర్డు, ఒకడు గొంతు. 1978 జూన్‌లో బ్రసెల్స్‌లో ఇంగ్లిష్ గాయకుడు ఎల్విస్ కాస్టెల్లో షోకి ఓపెనర్లు. జనం ఈలలు, అరుపులు, చివరికి పాడేవాడి మైకు లాగేసుకున్నారు. ఇరవై మూడు నిమిషాల్లో అయిపోయింది. అది ఎవరో రికార్డు చేశారు, తర్వాత విడుదల కూడా చేశారు. నేను విన్నాను. సంగీతం కన్నా జనం గొంతే ఎక్కువ వినిపిస్తుంది. సౌండ్ వాడిగా చెబుతున్నాను, జనాన్ని అంత బాగా మైకులో పట్టిన రికార్డింగు ఇంకోటి లేదు.

ఇక జనంగా నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. ఇప్పుడంటే 2018లో బ్రయన్ ఆడమ్స్ మన ఊరు వచ్చాడు, 2025 ఫిబ్రవరిలో ఎడ్ షీరన్ రామోజీ ఫిల్మ్ సిటీలో పాడాడు. అప్పట్లో పెద్ద బ్యాండ్ అంటే కాచిగూడలో రైలెక్కి బెంగళూరు పోవడమే. 2007 మార్చి 17న ప్యాలెస్ గ్రౌండ్స్‌లో ఐరన్ మెయిడెన్ అనే ఇంగ్లిష్ మెటల్ బ్యాండ్ షో. మేం పదకొండు మందిమి, అందరివీ నల్ల టీషర్టులు, పొద్దున దిగి నేరుగా లైన్లో నిలబడ్డాం. ముందు ఎక్కినవాళ్ళలో పరిక్రమ ఉంది. ఢిల్లీ బ్యాండ్, 1991 నుంచి వాయిస్తున్నవాళ్ళు, రాక్‌లో వయొలిన్ పెట్టినవాళ్ళు. నేనేం చేశానంటే "మెయిడెన్! మెయిడెన్!" అని అరిచాను. మధ్యలో నీళ్ళ ప్యాకెట్ల కోసం వెళ్ళాను. తిరిగొచ్చాక మావాడొకడు "వయొలిన్ వాడు ఇరగదీశాడురా" అంటే "సర్లే" అన్నాను. అదే ఏడాది జూన్‌లో ఆ బ్యాండ్ ఇంగ్లండ్‌లో డౌన్‌లోడ్ ఫెస్టివల్‌లో వాయించింది. నాకు ఆ రోజు వాళ్ళ పాట ఒక్కటి కూడా గుర్తులేదు, నీళ్ళ ప్యాకెట్ రేటు మాత్రం గుర్తుంది.

స్టేజీ మీద నేను ఎలా ఉన్నానో కూడా చెప్పేస్తే లెక్క సరిపోతుంది. బేస్ వాయించే రోజుల్లో సికింద్రాబాద్‌లో ఒక కాలేజీ ఫెస్ట్. మా తర్వాత ఎక్కేది సినిమా పాటల ఆర్కెస్ట్రా. మీలో వినాయక చవితి పందిళ్ళ దగ్గర పెరిగినవాళ్ళకి తెలుసు, పెద్ద సింగర్ వచ్చేదాకా లోకల్ పిల్లలతో రెండు భక్తి పాటలు పాడిస్తారు. సింగర్ కారు కనపడగానే పిల్లాడి చేతిలో మైకు లాక్కుంటారు. మేం ఆ పిల్లలం అన్నమాట, కాకపోతే నల్ల బట్టలేసుకున్నాం. అయిదు పాటలు ఇంట్లో టైము పెట్టుకుని వాయిస్తే ఇరవై రెండు నిమిషాలు వచ్చేది. స్టేజీ మీద పదహారు నిమిషాల్లో అయిపోయింది. టెన్షన్‌లో డ్రమ్మర్ పరిగెత్తాడు, వాణ్ణి ఆపాల్సిన నేను వాడికన్నా ముందు పరిగెత్తాను. దిగుతుంటే మొక్కజొన్న బెండు ఒకటి వచ్చి నా భుజానికి తగిలింది. విసిరినవాడు మా క్లాస్‌మేటే. ఇప్పటికీ ఒప్పుకోడు.

మీరు చూసిన బ్యాండ్ ఏ రకమో నాకు తెలియదు. నిజంగానే చెత్త బ్యాండ్ కావచ్చు, అలాంటివీ ఉంటాయని పైన చెప్పాను. తేడా పట్టుకోవడానికి నేను వాడే పద్ధతి ఒకటుంది. మొదటి రెండు పాటలూ వదిలేయండి, అవి సౌండ్‌చెక్ కిందే లెక్క. మూడో పాటకి డ్రమ్మర్‌నీ బేస్ వాణ్ణీ మాత్రమే చూడండి. వాళ్ళిద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటూ ఒకేచోట దెబ్బ వేస్తున్నారంటే బ్యాండ్ మంచిదే, మీ దాకా రావట్లేదు, అంతే. ఇద్దరూ చెరోచోట ఉంటే పాప్‌కార్న్ కొనుక్కోవచ్చు.

ఆలస్యంగా వెళ్ళడం మాత్రం వద్దంటాను. మొదటి కారణం కేవలం పార్కింగ్. శనివారం సాయంత్రం ఏడింటికి గచ్చిబౌలి వైపు వెళ్ళి చూడండి, ఓపెనర్‌తో పాటు మెయిన్ బ్యాండ్ మొదటి మూడు పాటలూ ఫ్లైఓవర్ మీదే అయిపోతాయి. రెండోది, త్వరగా వెళ్తే నిలబడే చోటు మీరే ఎంచుకోవచ్చు. స్టేజీ ముందు బారికేడ్ పట్టుకుని నిలబడితే మీకు వినిపించేది ఎక్కువగా స్టేజీ మీది యాంప్‌లూ డ్రమ్సే, గొంతులు మీ తల మీదుగా పోతాయి. మిక్సర్ టెంటు ఎక్కడుందో చూసుకుని దానికి రెండడుగుల ముందు, నడిమధ్యలో నిలబడండి. మేం అక్కడ వినే కదా సౌండ్ సరిచేసేది, కాబట్టి గ్రౌండ్ మొత్తంలో బాగా వినిపించే చోటు అదే.

అక్కడే ఇంకో సాయం కూడా చేయొచ్చు. ఓపెనర్ గొంతు వినపడకపోతే "సౌండ్! సౌండ్!" అని అరవకండి. స్టేజీ మీద వాళ్ళకది తిట్టులా వినిపిస్తుంది, మాకేమో దేన్ని పెంచాలో తెలియదు. వెనక్కి తిరిగి మిక్సర్ దగ్గరున్నవాడి కళ్ళలోకి చూసి, మీ గొంతు మీద వేలు పెట్టి, తర్వాత ఆ వేలు పైకి చూపించండి. ముగ్గురు అలా చూపిస్తే చాలు. పక్కన ఇంజినీరు చేతులు కట్టుకుని నిలబడ్డా సరే, జనం అడుగుతున్నారని చెప్పి నల్ల టేపు దాటించడానికి నాకో సాకు దొరుకుతుంది.